ఆఖర్న పరుగెత్తే పేర్లలో మా నాగవేణి

నిన్న పొద్దున ఫోన్ మోగింది. నాగవేణే అనుకుని, "ఏమే, ఇప్పటికి గుర్తొచ్చిందా జేజి?" అన్నాను.

అవతల నా కొడుకు. పిల్లను చూసొస్తానని ముందురోజే హైదరాబాద్ పోయాడు. హాస్పిటల్ మైకులో ఎవరి పేరో పిలుస్తున్నారు. అది మాత్రం వినిపించింది.

"అమ్మా... పిల్ల లేదు."

ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నోరు నాది. నిన్నటి నుంచి పనిచేయడం లేదు. అందుకే రాస్తున్నాను.

నాగవేణి నా మనవరాలు, ఈ కొడుకు కూతురే. దానికి నేను జేజిని. ఇరవై ఏడేళ్లు. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో బ్యాక్‌గ్రౌండ్ పెయింటర్. జ్వరం డెంగీ అని తేలేసరికే ప్లేట్‌లెట్లు అడుగంటాయి.

అంతే. ఇంకేం లేదు చెప్పడానికి.

దాని ఉద్యోగం ఏమిటో మా వాళ్లకు చివరిదాకా అర్థం కాలేదు. "బొమ్మలు గీస్తాదంట" అనేవారు. బొమ్మలు కూడా కాదు. రెక్కల గుర్రాలను, మంత్రగత్తెలను ఒకరు గీస్తారు. వాటిని కదిలించేవాళ్లు వేరు. గొంతు ఇచ్చేవాళ్లు వేరు. మా పిల్ల వేసేది వాటి వెనక ఉండే కొండ, కోట, ఆకాశం.

"అందరూ గుర్రాన్నే సూస్తారు జేజీ. అది నిలబడేదానికి నేల కావల్ల గదా. ఆ నేల నాది" అనేది.

అది పనిచేసిన బొమ్మల సీరీస్ మొదటి సీజన్ టీవీలో వచ్చిన రోజు మా నేతవీధి మొత్తం మా ఇంట్లోనే ఉంది. మా పిల్ల పేరు పడుతుందని నేనే చాటాను. మగ్గాలు ఆపుకుని వచ్చారు పాపం. కథ అయిపోయి పేర్లు మొదలయ్యాయో లేదో, టీవీ వాటిని అగ్గిపెట్టెంత చేసి మూలకు తోసి, తర్వాతి ఎపిసోడ్ మొదలుపెట్టేసింది.

"పేరు యాడమ్మా?" అన్నాడు పక్కింటి ఓబులేసు.

"పోయింది."

"పెండ్లి పత్రికలో వేయిచ్చింటే ఇట్ట పోయేది కాదు గదమ్మా!"

వీడియో కాల్‌లో నాగవేణి నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. రిమోట్‌లో ఏ బటన్ నొక్కితే పేర్లు నిలబడతాయో నాకు నేర్పింది. మళ్లీ చూశాం. డైరెక్టరు, రచయితలు, గొంతులు, ఎడిటర్లు, ఇంకా ఎవరెవరో పోయాక, బ్యాక్‌గ్రౌండ్స్ కింద ఏడో పేరు. రెప్ప వేస్తే దాటిపోతుంది.

"ఇంత కింద ఉండావేమే?" అన్నాను.

"కింద ఉండేటోళ్లే శానామంది జేజీ."

ఇంకో సంగతి. రాక్షసుల రాజ్యం అని చూపిస్తే ఉలిక్కిపడ్డాను. "ఇది కమలాపురం దారిలో మన బండల గని కాదూ!" అని అరిచాను.

"గట్టిగా అనగాకు జేజీ. శానా దూరపు లోకమని అనుకుంటాండారు మా స్టూడియోవాళ్లు."

మా ఇంట్లో ఎన్ని తరాల చేతులు ఎన్ని చీరలు నేశాయో! ఒక్కదాని మీదా నేసినవాళ్ల పేరు లేదు. మొదటిసారి మా ఇంటి పేరు ఒకచోట పడింది. దాంతో నాకు పట్టిన పొగరు ఇంతా అంతా కాదు.

ఆ పొగరే...

పోయిన వారం ఒళ్లు కాలిపోతూ ఊరికి వచ్చింది. రెండో రోజే బ్యాగ్ సర్దుకుంది. రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ పూర్తిచేసి అప్పజెప్పాలట. పోయినసారి ఆఖరి వారం పనిలో లేదని ఒక స్నేహితురాలి పేరు లిస్ట్‌లో వేయలేదట. తన పేరు కూడా అలాగే పోతుందని భయం.

వాళ్లమ్మ గడపకు అడ్డం నిలబడింది. "పేరు లేకపోతే ఏం కొంప మునిగిపోతాది?" అంది.

నేను ఏమన్నానో తెలుసా?

"పోనీవే. మళ్లీ పేరు పడతాదని వీధి వీధంతా చెప్పుకోనుండా. మాత్ర ఏసుకోని పోతాది."

బస్సెక్కించింది నేనే.

ఈ ఉదయం మట్టి చేసే వేళకు దాని టీమ్‌లో పనిచేసే అమ్మాయి వచ్చింది. నా చేతులు పట్టుకుని, నన్ను ఓదారుస్తున్నాననుకుని చెప్పింది: "పేరు గురించి బెంగపడకండి నానమ్మగారూ. తను ఊరికి రాకముందే లిస్ట్ పంపేశారు. అందులో తన పేరు ఉంది."

ముందే ఉంది.

వెళ్లాల్సిన పనే లేదు. ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. జ్వరంలో ఉన్నదానికి తోచలేదు. ఇంత చదువు చదివిన నాకూ తోచలేదు.

త్వరలో ఆ సీజన్ వస్తుందట. చూస్తే చివరిదాకా చూడండి. టీవీ పేర్లను మూలకు తోస్తుంది, ఒప్పుకోకండి. బటన్ ఏదో నాకు తెలుసు. నొక్కడానికి నాకు చెయ్యి వస్తుందో లేదో తెలియదు.

నాగవేణీ, నువ్వు వేసిన కొండల్లోనే ఎక్కడన్నా చల్లటి చోటు చూసుకుని పడుకో తల్లీ.

పని ఉంది రమ్మని ఎవరు లేపినా లేవగాకు.

జేజి లేపినా సరే.