కాలువ నీళ్లు ఎప్పటిదాకా?

రెండువేల దశకం తొలి ఏళ్లలో వానలు ముఖం చాటేసిన ఒక సంవత్సరం, విజయవాడలో మా కమిటీ ఒక సంగతి తేల్చాల్సి వచ్చింది. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువ నీళ్లు ఎప్పటిదాకా వస్తాయి? నేను భూగర్భజలాల జియాలజిస్టును. కమిటీకి పెద్ద, రిటైరైన ఇంజనీరుగారు. ఆయన "ఉగాది దాకా ఢోకా లేదు" అన్నారు. మిగతావాళ్లం "అంతేనండీ" అన్నాం. ఏటా ఇలాంటిదాన్నే మినిట్స్‌లో నిపుణుల ఏకాభిప్రాయం అని రాసేవారు.

ఆసారి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ వచ్చారు. ఎవరి అంచనా వాళ్లు విడిగా తనకు చెప్పాలన్నారు. మొదట పెద్దాయన్నే పక్కకు పిలిచారు. గది చిన్నది, అన్నీ వినపడుతున్నాయి.

"మరీ తొందరగా అయిపోతే ఎప్పుడండీ?"

"ఉగాది."

"మరీ ఎక్కువ రోజులొస్తే?"

"ఉగాదేనమ్మా. నేనేమన్నా చిలక జోస్యం చెబుతున్నానా?"

ఆమె నవ్వి మా అందరినీ అడిగారు: "బెంజ్ సర్కిల్ నుంచి ఇబ్రహీంపట్నం ఎంత దూరమో, ఇంత నుంచి ఇంత లోపు అని చెప్పండి." మేం తరచూ తిరిగే దారే. పెద్దాయన ఒకే అంకె చెప్పారు. నేను కిలోమీటరు తేడా ఇచ్చి, చాలా ఉదారంగా ఇచ్చాననుకున్నాను. వాదన ముదిరి అందరం జీపెక్కాం. ఎవరి అంకె దాటితే వాళ్లు కిటికీలోంచి బయటికి చూడసాగారు. ఇబ్రహీంపట్నం చేరేసరికి అందరి లెక్కలూ వెనకే ఉండిపోయాయి.

"మీటరు తప్పు. బండి ఆటోనగర్‌లో చూపించండి" అన్నారు పెద్దాయన.

అక్కడే టీ తాగుతూ కాస్త మెత్తబడ్డారు. "ఎగువ నుంచి నీళ్లొదులుతారని నాకూ నమ్మకం లేదమ్మా. ఇన్నాళ్లూ ఒక్క మాటే అడిగారు, ఒక్క మాటే చెప్పా."

వెంటనే కమిటీలోని వ్యవసాయాధికారి, "నాకు శివరాత్రికే కటకట అనిపించిందండీ. మీరు చెప్పాక ఎదురేం మాట్లాడతాం?" అన్నారు. కాలువ చివరనున్న శివారు ఊళ్ల బావుల్లో ఉప్పు పెరుగుతోందని, కాలువ ఆగితే అవి ఆదుకోవని నేనూ నోరు విప్పాను.

చివరికి పై ఊళ్లకు వరి, శివారు ఊళ్లకు నీళ్లు అంతగా అక్కర్లేని మినుము అని తేల్చాం. శివరాత్రి దాటిన కొన్నాళ్లకే శివారు కాలువలు ఎండిపోయాయి. మినుము మాత్రం చేతికొచ్చింది.

మెచ్చుకుంటారనుకుంటుండగా శివారు రైతు ఒకాయన ఆఫీసుకొచ్చారు. "పంట బానే ఉందండీ. మరి వరిగడ్డేదీ? గేదెలకేం పెట్టమంటారు?"

మాలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. మరుసటి ఏడు ఒక పశువుల డాక్టరుగారిని కమిటీలో వేశారు. ఆయన మొదటి రోజే పెద్దాయన మాటకు అడ్డు చెప్పారు.