చాందినికి పరిచిన గడ్డి

పోపులో ఇంగువ వేస్తే ఇప్పటికీ నాచారంలోని మా గుర్రపు పాకే గుర్తొస్తుంది.

నాయిన బరాత్‌లకు తిప్పే తెల్ల ఆడగుర్రం చాందిని నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం మేత ముట్టలేదు. చెమటలు కక్కుతూ మాటిమాటికీ తన పొట్టకేసి చూసుకుంది. పిల్లను కంటుందనుకుని నేను మెత్తగా గడ్డి పరిచాను.

నాయిన ఇంగువ నీళ్లు తాగించి, దాన్ని వాకిట్లో తిప్పుతూనే ఉన్నాడు.

"జర పండుకోనియ్యి నాయినా!"

"వద్దు బిడ్డా. పండుకుంటే మల్ల లేవది."

పిల్ల పుట్టాక లేస్తుందిలే అనుకున్నాను. ఉప్పల్ పెళ్లి బరాత్‌కు పిలవడానికి వచ్చిన బ్యాండు మామ దాన్ని చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పొద్దుగూకేసరికి నాయిన తాడు వదిలేశాడు. "పండుకో తల్లీ" అన్నాడు. అది నా గడ్డి మీదే ఒరిగింది. నేను సంబరంగా చప్పట్లు కొట్టాను.

కడుపునొప్పికి గుర్రం అలా పొట్టకేసి చూసుకుంటుందని పెద్దయ్యాక తెలిసింది. ఆ చప్పట్లను మాత్రం నాయిన ఆపలేదు.