గడియ తీయని లెక్కల పరీక్ష

ఎనభైల మొదట్లో మేం మల్కాపురంలో నాలుగు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటర్. టెన్త్ లెక్కల పరీక్ష రోజు ఉదయం స్నానానికని వెళ్లిన నేను, భయంతో బాత్రూమ్ గడియ పెట్టుకుని కూర్చుండిపోయాను. నాలుగు వాటాలకూ అదొక్కటే బాత్రూమ్. బయట బకెట్లతో జనం పోగయ్యారు. అమ్మ తలుపు బాదుతూ ఏడుపు మొదలుపెట్టింది.

"నాను లెక్కల్లో తప్పిపోతాను, ఎల్లను!" అని లోపలి నుంచి అరిచాను. అందరూ విన్నారు. సిగ్గుతో ఇంకా ముడుచుకుపోయాను.

నాన్న బకెట్లవాళ్లందరినీ పంపేసి, తలుపు పక్కనే నేల మీద కూర్చున్నారు.

"తల్లీ, నాను ఎస్సెల్సీ లెక్కల్లో రెండుపాలీలు తప్పీసి మానీసాను. నువ్వు తప్పితే ఇంకోపాలి రాద్దువు. నాకు నీకన్నా మార్కులెక్కువేటి?"

అమ్మ ఏడుపు టక్కున ఆగింది.

"ఏటీ? పెళ్లిసూపుల్లో పాసని సెప్పారు కదా!"

"నాను సెప్పలేదే. మా బావ సెప్పాడు."

నాకు నవ్వాగలేదు. గడియ తీసేశాను.

పరీక్ష అయ్యేదాకా నాన్న స్కూలు గేటు దగ్గరే నిలబడ్డారు. నేను బయటికి రాగానే "ఆకలేత్తందా?" అని మాత్రం అడిగి, ఇడ్లీ తినిపించారు. నలభై మూడు మార్కులతో పాసయ్యాను.

చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి టెన్త్ రాసినప్పుడు, పేపరెలా ఉందో అడగాలని నాలుక దురద పెట్టేది. అయినా ముందు అన్నం వడ్డించేదాన్ని. వాడు తింటూ తింటూ తనే చెప్పేసేవాడు.