రైలెక్కని బాబాయి రాసిన హత్యలు

గరాచర్మలో మా పక్క స్థలంలో కొత్త ఇల్లు లేస్తోంది. వడ్రంగి పడాక్ చెక్క మీద చిత్రిక పట్టినప్పుడల్లా ఆ ఎర్రపొట్టు వాసన గోడ దాటి వస్తుంది, నేను చేస్తున్న పని ఆపేస్తాను. చిన్నప్పుడు చాతం దీవిలో మా దుప్పట్లకీ, కలప కోసే మిల్లు నుంచి వచ్చిన నాన్న చొక్కాకీ, బాబాయి రాసే కాగితాలకీ అదే వాసన.

బాబాయి మిల్లులో గుమస్తా. డిటెక్టివ్ నవలలు రాసేవాడు. ఆదివారం మధ్యాహ్నం రేకుల మీద వాన దబదబా కొడుతుంటే, అమ్మ బూడిదలో పనసపిక్కలు కాలుస్తూ, పక్కింటి ఆడవాళ్ళు ఎండుచేపల తలలు తుంచుతూ, నేను తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంటే, వాన కంటే పెద్ద గొంతుతో చదివేవాడు. ఆఖరి అధ్యాయానికి ముందు ఆగి మా మొహాలు చూసేవాడు.

"ఆ వంటోడే సంపేసుంటాడు మరిదీ," అనేది అమ్మ, పిక్క ఒలుస్తూ.

అంతే, మర్నాటికి వంటవాడు నిర్దోషి అయిపోయేవాడు. వదిన కనిపెట్టేసిందంటే అది రహస్యమే కాదని ఆయన లెక్క.

పసివాడిగా ఓడలో ఈ దీవులకు వచ్చిన మనిషి, రైలు చూసి ఎరగడు. అయినా ఒక హత్య రైల్లో పెట్టాడు. సముద్రం పోటు మీద ఉందని ఆ రైలు బయల్దేరలేదు. బయల్దేరాక ప్రయాణికులంతా వాంతులు రాకుండా నిమ్మకాయలు వాసన చూశారు. మాకెవరికీ తప్పు కనిపించలేదు. విజయవాడ పబ్లిషరు ఆ పేజీలు తీసేసి అచ్చు వేశాడట. పుస్తకం ఓడలో వచ్చిన రోజు అమ్మ బూరెలు వండింది.

నన్ను బడికి పంపలేదు. పిల్లల్ని ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావాలి. ఆ నవలలన్నీ నాకు చెవి దారినే వచ్చాయి.

సునామీ రోజు బాంబూఫ్లాట్ ఒడ్డున బాబాయి ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. ట్రంకుపెట్టెలోని పుస్తకాలు ముద్దయిపోయాయి. ఆయన బతికాడు గానీ చెయ్యి వణకడం మొదలైంది. మా ఇంట్లో ఉండబట్టి ఒక్క నవల మిగిలింది, దానికి ఆఖరి అధ్యాయం రాయలేదు. పూర్తి చెయ్యమన్నాను.

"అంతమంది పోయారే గుంటా. ఎవడు సంపాడని రాయను?"

"సముద్రం సంగతి నిన్నెవడడిగాడు బాబాయ్? నీ కథలో షావుకారుని సంపినోడెవడో సెప్పు. ఇంటిల్లిపాదినీ అనుమానంలో ఎట్టేసి కూకుంటే ఎలాగ?"

కుడిచెయ్యి నా ముందుకు చాపాడు. "రాసేదెవరు?"

"నేనే."

"నీకు అఆలు రావు కదే."

"నేర్పు."

యాభైకి దగ్గరపడ్డ వయసులో పలక పట్టాను. "ఇది 'క' కాదే, పీత," అని విసుక్కుంటూనే దిద్దించాడు. వానలు వెళ్ళి మళ్ళీ వచ్చేసరికి ఆయన చెప్పింది నా వంకర అక్షరాల్లోకి ఎక్కింది. తడుముకుంటూ చదివి వినిపిస్తే కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంక పడుకుంటాను," అన్నాడు. తర్వాతి వానలకు ఆయన లేడు.

విజయవాడలో ఆ పబ్లిషరు కొట్టు ఎప్పుడో మూసేశారు. చాతంలో మేమున్న రేకుల వసారా లేదు, ఎండుచేపలు తుంచిన ఆడవాళ్ళు లేరు. మొన్న మనవణ్ణి కూర్చోబెట్టి ఆ నవల చదవబోతే, "నానమ్మా, ఇస్కా వీడియో నహీ హై క్యా?" అన్నాడు హిందీలో, దీనికి వీడియో లేదా అని.

షావుకారుని చంపినవాడి పేరు ఈ దీవుల్లో నాకొక్కదానికే తెలుసు. ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.