నూనె దొంగ పాదాలు

అమ్మమ్మ ఎప్పుడూ వెనక్కి నడుస్తూనే ఊడ్చేది. గుడి మెట్ల దగ్గర మొదలుపెట్టి, ఇసుక పరిచిన ఆవరణంతా ఊడ్చుకుంటూ గేటు దాకా వచ్చేది. ముందుకు నడిస్తే తన అడుగులు మళ్లీ తనే చెరపాలట. నలభై ఏళ్లుగా ఇలా వెనక్కి వస్తూ ఎంతమంది యాత్రికుల్ని గుద్దిందో లెక్కలేదు. వాళ్లలో ఒకాయన పోట్లాటకు దిగి, దిగి, చివరికి తాతయ్య అయ్యాడు.

ఆ ఊరికి జనం రెండు పనుల మీద వచ్చేవారు. పొద్దున దేవుణ్ణి చూసి, సాయంత్రం జీపెక్కి అడవిలో జంతువుల్ని చూడ్డానికి వెళ్లేవారు. దేవుడు అందరికీ కనిపించేవాడు. జంతువులు మాత్రం వాటికి బుద్ధి పుడితేనే. జీపు దిగి ఉసూరుమంటూ వచ్చినవాళ్లు మర్నాడు అమ్మమ్మను పట్టుకుని, "రాత్రి ఎవరొచ్చారమ్మా?" అని అడిగేవారు. చీపురు ఆనించకముందే ఇసుక మీద ఏముందో చూసి పెట్టుకునేది ఆమె.

"ముంగిస వచ్చింది. ఏం తొందర పనో, మెట్ల వైపు తిరిగైనా చూడలేదు" అని చెప్పేది.

ఒక్క జంతువు సంగతి మాత్రం దాచిపెట్టింది. నెల రోజులుగా ఓ ఎలుగుబంటి వెనక గోడ కూలినచోటు నుంచి వచ్చి, దీపాల్లో మిగిలిన నూనె నాకి పోతోంది. చెబితే బోను తెస్తారు. అందుకని ముందు ఆ అడుగుల్ని ఊడ్చేశాకే మిగతా పని మొదలుపెట్టేది.

ఒకరోజు ఒంట్లో నలతగా ఉండి ఆలస్యమైంది. ఆమె చేరేసరికి గుడి మేనేజరు దీపాల దగ్గర నిలబడి ఉన్నాడు. మిగతా గుర్తులన్నీ పావురాలు తొక్కి చెరిపేశాయి గానీ, దీపం అందుకోవడానికి వెనక కాళ్ల మీద లేచి నిలబడిన చోట రెండు పాదాలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. మడమ, అరికాలు, అయిదేసి వేళ్లు. మనిషివే అనిపిస్తాయి. వేళ్ల ముందు గోళ్ల గీతలున్నా, పావురాలవి అనుకున్నాడాయన.

ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని రాత్రి కాపలాదారు నిలబడి ఉన్నాడు. అతను అమ్మమ్మ సొంత తమ్ముడు. ఊరంతా కునుకు అని పిలిచేవారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మూసిన గేటు బయట రెండు బస్సుల జనం.

"రోజూ దీపాలు ఖాళీ. ఇవిగో, దొంగ కాళ్లు. రాత్రి లోపలుండేది నువ్వొక్కడివే. రేపటి నుంచి రాకు" అన్నాడు మేనేజరు.

"నిద్రపోతే పోయానేమో గానీ సార్, నూనె ముట్టలేదు" అన్నాడు కునుకు. ఆ మాటతో ఉన్న కాస్త పరువూ పోయింది.

నోరు విప్పితే ఎలుగుబంటికి బోను. విప్పకపోతే తమ్ముడికి దొంగ అన్న పేరు, ఈ వయసులో ఇంకో పనీ దొరకదు. చీపురు కింద పెట్టింది.

"బాబూ, కాస్త మీ చెప్పులు విప్పండి" అంది మేనేజరుతో.

"నన్ను అనుమానిస్తున్నావా?"

"మీకంత ఓపికెక్కడిది. వీటి పక్కన నిలబడండి, చాలు."

ఆయన గొణుక్కుంటూనే నిలబడ్డాడు.

"చూశారా, మీ బొటనవేళ్లు రెండూ లోపలి వైపున్నాయి. ఈ దొంగకు పెద్దవేళ్లు బయటికున్నాయి, చిటికెనవేళ్లు లోపలికి. మావాడు మొద్దే గానీ, కాళ్లు తారుమారుగా తొడుక్కొచ్చేంత మొద్దు కాదు."

గేటు దగ్గర జనం గొల్లున నవ్వారు. మేనేజరు నవ్వలేదు. తన వేళ్లు రెండుసార్లు చూసుకున్నాడు.

"మరెవరివి?"

"ఎలుగుబంటివి. నెల నుంచీ వస్తోంది. దాచింది నేను. పనిలోంచి తీస్తే నన్ను తీసేయండి."

మధ్యాహ్నం కబురందుకుని అటవీ శాఖ ఆఫీసరమ్మ వచ్చింది. మేనేజరు ముందుగా అమ్మమ్మ మీద ఫిర్యాదు చేశాడు.

"ఈమెను తీసేస్తే, రేపు ఇక్కడ ఏం తిరిగిందో మీరు చెప్తారా?" అని అడిగిందామె. ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. తర్వాత ఆమె అమ్మమ్మ వైపు తిరిగి, "ఇంతమంది తిరిగే చోటు పెద్దమ్మా. బోను తప్పదు" అంది.

"అది దేవుడి కోసం రావట్లేదు తల్లీ, నూనె కోసం. గుడి మూసేటప్పుడు దీపాలు తుడిచి లోపల పెడితే దానికిక్కడేం పని? నెల రోజులు చూడమ్మా."

"వారం. ఎనిమిదో పొద్దున లోపల అడుగు కనిపిస్తే బోను దిగుతుంది."

దీపాలు తుడిచే పని కునుకు నెత్తిన పడింది. మొదటి పొద్దున అడుగులు దీపాల చుట్టూ కోపంగా గిరగిరా తిరిగి ఉన్నాయి. మూడోరోజు ఆవరణ మధ్య దాకే వచ్చాయి. అయిదోరోజు మళ్లీ దీపాల దాకా వచ్చాయి. "సరిగ్గా తుడిచావురా?" అని అమ్మమ్మ తమ్ముణ్ణి పదిసార్లు అడిగింది.

ఎనిమిదో పొద్దున చీపురు ఆనకముందే ఆఫీసరమ్మ వచ్చి చూస్తే, ఇసుక నిన్న ఊడ్చినట్టే ఉంది. ఇద్దరూ గోడ అవతలికి వెళ్లారు. తడినేల మీద ఎలుగుబంటి అడుగులు అడవి వైపు తిరిగి ఉన్నాయి. వాటి పక్కనే చిన్నవి, తడబడుతూ.

"ఇన్నాళ్లూ పిల్లని వీపున మోసుకుంటూ తిరిగింది కాబోలు. ఇప్పుడు దించి నడక నేర్పుతోంది" అంది అమ్మమ్మ, నేల మీదికి వంగి.

ఆఫీసరమ్మ బోను లారీని వెనక్కి తిప్పమని ఫోన్ చేసింది. అమ్మమ్మ నడుం పట్టుకుని లేచి, గోడ మీంచి తొంగి చూస్తున్న తమ్ముడితో, "ఏం చూస్తావురా, పోయి గేటు తియ్. జనం ఎండలో నిలబడ్డారు" అంది.