ఉప్పు బూడిద

మహాలక్ష్మమ్మ చేతికి దురుసెక్కువ. దీవిలోని జంగ్లీఘాట్ రేవులో ఆమె చేపలగంప దగ్గర బేరమాడి తిట్లు తినని మనిషి లేడు. ఇంట్లోవాళ్లయితే దెబ్బలే తిన్నారు. అలాంటి చెయ్యి ఒక్క పెరటి చిక్కుడు దగ్గరే మెత్తబడేది. వాళ్లమ్మ భీమిలి నుంచి ఓడెక్కినప్పుడు కొంగున ముడేసుకొచ్చిన నల్లచార చిక్కుడది. ఈ దీవుల్లో ఇంకెవరి దగ్గరా లేదు.

ఏటా గింజల్ని గలగలమనేదాకా ఎండబెట్టి, పొయ్యి బూడిద కలిపి, ఎండిన ఆనపబుర్రలో పోసి, మూతి పేడతో మెత్తి అటకెక్కించేది. పురుగు దరిజేరేది కాదు. పోయినేడు తుపానుకి ఒడ్డుకి దుంగలు కొట్టుకొచ్చాయి. ఉత్తి పుణ్యానికి దొరికిన కట్టె కదా అని అదే కాల్చింది, ఆ బూడిదే గింజల్లో కలిపింది.

ఈ ఏడు తొలివానకి బుర్ర పగలగొడితే బూడిద ముద్దకట్టి ఉంది. గింజలన్నీ చిల్లులే. పురుగులు బిలబిలమంటూ మోచేతులదాకా పాకాయి.

వారం కిందట అటక సర్దుతూ బుర్రని జరిపింది కోడలు భానుశ్రీ. అదే మూతి కదిలించిందనుకుంది అత్త. అనుమానం పెనుభూతం. ఒక్క మాట అడక్కుండా రోకలందుకుంది. అడ్డుపెట్టిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఫట్‌మని విరిగింది. పడిపోయినదాన్ని జుట్టు పట్టుకుని ఇంకో రెండు వేసింది. కొడుకు పోలిరాజు ఓడ మీద డ్యూటీలో ఉన్నాడు. పక్కింటి తాయారమ్మ వచ్చి రోకలి లాక్కుని, భానుశ్రీని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది.

మహాలక్ష్మమ్మ రొప్పుతూ మూతి తుడుచుకుంది. చేతి బూడిద నాలుక్కి తగిలింది. ఉప్పు. సముద్రంలో నానిన కట్టె మరి. ఆ ఉప్పు చెమ్మని లాగింది, చెమ్మకి పురుగు పెరిగింది. తప్పు తనదే. కూర్చుని ఏరితే పదకొండు మంచిగింజలు దొరికాయి.

సాయంత్రం కట్టుతో వచ్చిన కోడలి ముందు వాటిని పెట్టి, బూడిద తనే పాడుచేశానని ఒప్పుకుంది. నువ్వే నాటమంది.

భానుశ్రీ ఎడమచేత్తో వాటిని తీసుకుని, మండుతున్న పొయ్యిలో వేసింది.

"మారో అత్తా, కొట్టు. ఇంకో చెయ్యి ఉంది కదా."

మహాలక్ష్మమ్మ కోడలి వైపు చూడలేదు. కుడిచెయ్యి నిప్పుల్లో పెట్టి కెలికింది. తోలు కాలిన కంపు కొట్టింది. నాలుగు గింజలు బొగ్గులై చేతికొచ్చాయి. భానుశ్రీ ఆపలేదు.

ఓడ దిగొచ్చాక పదిరోజులు పోలిరాజే వండాడు. అత్తాకోడళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఎడమచేత్తో తిన్నారు.