గంగాళం దొర టోపీ

బాలనర్సయ్యకు తిన్నగా ఒక గీత గీయడం రాదు. అసూయతో అంటున్నాననుకోకండి. సుల్తాన్‌బజారు ప్రెస్సులో వాడు బొమ్మలు వేస్తే వాటి కింద అక్షరాలు కూర్చినవాణ్ని నేను, ఐలయ్యను. నేను నడుం విరిగేలా నిలబడి కూర్చిన పేజీలు ఎవడూ చదవడు. వాడి బొమ్మను మాత్రం కత్తిరించి చాయ్ హోటల్లో గోడకు అంటిస్తారు. కడుపు మండదా మరి?

వాడిది పట్నం పక్కనున్న రాయదుర్గం. ఊరి చుట్టూ బండలే. చిన్నప్పుడు ఆ బండల మీద బొగ్గుతో పంతుళ్లను, పూజారులను, చివరికి సొంత మేనమామను కూడా గీసి తన్నులు తిన్నాడు. ఎవరిని చూసినా వాడికి ముందు ముక్కో పొట్టో బట్టతలో కనబడేది, ఆ తరువాతే మనిషి. అలాంటివాడికి సర్కారు నౌకరీ ఎవడిస్తాడు? మా వారపత్రిక సంపాదకుడు రామచంద్రం పంతులు మాత్రం, జనాన్ని నవ్వించేవాడు ఒకడుంటే పత్రిక అమ్ముడుపోతుందని పెట్టుకున్నాడు.

పంతులు పిసినారి. బొమ్మను జింకు రేకు మీదికి ఎక్కించి బ్లాకు చేయిస్తేనే అది అచ్చులో పడుతుంది. కొత్త బ్లాకు అంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. అందుకని బాలనర్సయ్య ఒకటే బొమ్మ వేశాడు. ఒంటిమీద షేర్వానీ, నెత్తిన కుచ్చు వేలాడే నల్లని రూమీ టోపీ, మెలితిప్పిన మీసం, ముందుకు గంగాళం బోర్లించినట్టు పొట్ట. పేరు గంగాళం దొర. వారం వారం బొమ్మ అదే, కింద మాటలే మారేవి. ఒక వారం దొర వెట్టిచాకిరీ పుణ్యమని ఉపన్యాసం ఇచ్చేవాడు, ఇంకో వారం వానదేవుడికి నోటీసు పంపేవాడు. ఒకసారి బ్లాకు కిందపడి ఎడమ బూటు ముక్కు ఎగిరిపోయింది. జనం ఆ బూటుకు కూడా ఏదో కథ అల్లుకుని నవ్వుకున్నారు.

రాయదుర్గం పటేల్ వెంకటనారాయణ ఆ బొమ్మ చూశాడు. ఆయనకు పొట్ట ఉంది, మీసం ఉంది, పెద్ద అధికారులు వస్తే నల్ల టోపీ పెట్టుకుని వంగి వంగి సలాములు కొట్టే అలవాటూ ఉంది. బాలనర్సయ్య ఆయన్ను చూసే గీశాడా అంటే, చూడకుండా ఎలా గీస్తాడు? అయినా పటేల్ బొమ్మ ఊసెత్తలేదు. ఎత్తితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే కదా. "మీ ఇల్లు సర్కారు జాగల ఉన్నది" అని బాలనర్సయ్య తల్లి బుచ్చమ్మను బయటికి పంపి, తలుపుకు తన తాళం వేశాడు. ఆమె కోడిపెట్టను చంకన పెట్టుకుని పట్నం వచ్చి, ప్రెస్సు వెనక కొడుకు కిరాయి గదిలో కూలబడింది.

ఆ గదిలో ఆమెకు ఊపిరాడలేదు. అలకడానికి అరుగు లేదని, ముగ్గు వెయ్యడానికి వాకిలి లేదని ఏడ్చేది. "నేను సచ్చేలోపల నా ఇంట్ల పొయ్యి ముట్టియ్యాలె బిడ్డా" అనేది రోజూ. ఊరందరినీ నవ్వించే బాలనర్సయ్య ఆ మాటకు తల వంచుకుని కూర్చునేవాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చి నైజాం పాలన పోయింది. రూమీ టోపీలు ఏ బావిలో పడ్డాయో గాని ఒక్కటీ కనబడలేదు. దర్జీల దగ్గర తెల్ల ఖద్దరు టోపీలకు జనం ఎగబడ్డారు. ఏ ఎండకా గొడుగు. ఒక పొద్దున పటేల్ వెంకటనారాయణ తెల్లటోపీతో మా ప్రెస్సులోకి వచ్చాడు.

"నర్సయ్యా, మంచిగున్నవా?" అన్నాడు. ఇదివరకు 'ఒరేయ్' తప్ప వాడి పేరే ఎరగడు. "నన్ను ఊరి కమిటీకి అధ్యక్షుణ్ణి చేస్తున్నరు. ఈ టోపీ తోటి నా బొమ్మ పేపర్ల పడాలె. నువ్వే వెయ్యాలె. ఇగో, మీ అవ్వ ఇంటి తాళంచెవి. బొమ్మ పడంగనే ఇస్త."

బాలనర్సయ్య చేతిలోని పెన్సిలు పక్కన పెట్టాడు. పొగుడుతూ గీయడం వాడి చేతికి తెలియని పని. కాని తాళంచెవి పటేల్ వేలికి వేలాడుతోంది. కొడుకుకు సద్ది తెచ్చిన బుచ్చమ్మ దానివైపే చూస్తూ, "ఎయ్యరాదు కొడుకా, గీత గీస్తె నీ సొమ్మేం పోతది" అంది.

"ఏస్త పటేలా" అన్నాడు వాడు. నాకు వాడంటే అసహ్యం వేసింది. దాచుకోవడమెందుకు?

పటేల్ వెళ్లాక వాడు గీశాడు, చింపాడు, మళ్లీ గీశాడు. ఎలా గీసినా పొట్టే ముందుకొస్తోంది. పంతులు అటుగా వచ్చి, "కొత్త బ్లాకు గిట్ల అడుగుతవేమో, అడగకు" అన్నాడు. ఆ మాట వినగానే వాడి ముఖం వెలిగింది. లేచి అలమారలోంచి గంగాళం దొరను తీశాడు.

బ్లాకులో ఉబ్బెత్తుగా ఉన్నచోట సిరా అంటి నల్లగా పడుతుంది, తవ్వినచోట తెల్లగా ఉండిపోతుంది. వాడు చిన్న ఉలితో ముందు టోపీ కుచ్చు చెక్కేశాడు. పై అంచు కాస్త ఏటవాలు చేశాడు. తరువాత నల్లటోపీ లోపలంతా తవ్వి, చుట్టూ గీత మాత్రం మిగిల్చాడు. సిరా రాసి కాగితం అద్ది చూస్తే, దొర నెత్తిన మల్లెపువ్వులాంటి తెల్లటోపీ. పొట్ట అదే, మీసం అదే, ముక్కులేని బూటు అదే.

"కింద ఏం పెట్టాలె?" అన్నాను నవ్వు ఆపుకుంటూ.

"పటేల్ పూర్తి పేరు పెట్టు. కొత్త అధ్యక్షులకు శుభాకాంక్షలని పెట్టు. నీ దగ్గరున్న అన్నిట్లకెల్ల పెద్ద అక్షరాలు తియ్యి."

తీశాను. నా జన్మలో అంత శ్రద్ధగా ఏదీ కూర్చలేదు. పంతులు చూసి "ఖర్చేం లేదు గద?" అని మాత్రం అడిగాడు.

పత్రిక రాగానే పటేల్ కళ్లు టోపీ దగ్గరే ఆగిపోయాయి. కింద తన పేరు అంత పెద్దగా ఉంటే పొట్ట సంగతి ఎవడికి కావాలి? బుచ్చమ్మను ఊరి చావడికి పిలిపించి పదిమంది ముందు తాళంచెవి ఇచ్చాడు. బొమ్మను తన చేతులతోనే గోడకు అంటించాడు. నవ్వు మాత్రం పక్క ఊరు నానక్‌రామ్‌గూడలో మొదలై, గోపన్‌పల్లి మీదుగా తిరిగి రాయదుర్గం చేరింది. పిల్లలు ముక్కులేని బూటు తొడుక్కున్నట్టు ఆయన వెనక కుంటుతూ నడవసాగారు. అధ్యక్ష పదవి పోయిందా అంటే, పోలేదు. లోకం అంత న్యాయంగా ఎప్పుడుంది గనక?

బుచ్చమ్మ ఇంట్లో పొయ్యి ముట్టించిన రోజు నన్నూ రొట్టెలకు పిలిచారు. పెనం మీద రొట్టె ఉండగానే పటేల్ వాకిట్లోకి వచ్చాడు. బుచ్చమ్మ చేతిలో రొట్టె ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమె చూపు తలుపు గొళ్లెం మీద పడింది.

"నర్సయ్యా" అన్నాడు పటేల్ గొంతు తగ్గించి. "ఆ ఎనకటి నల్లటోపీ బొమ్మ ఎవలిది?"

"మీరే చెప్పాలె పటేలా. మీదేనా?"

దడి అవతల పక్కింటివాళ్లు పని ఆపి వింటున్నారు. పటేల్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"నాదెందుకైతది?" అన్నాడు.

"మరింకేం ఫికర్? గది ఎవలిదో మనకెందుకు. ఇది మాత్రం మీదే, పేరు గూడ ఉన్నది."

పటేల్ వచ్చిన దారినే వెళ్లిపోయాడు. బుచ్చమ్మ వాకిలి వైపు చూసింది.

"మల్ల రాజ్యం మారి, ఇంకో టోపీ పెట్టుమంటె ఎట్ల కొడుకా?"

"బ్లాకుల చెక్కుడే గాని అతుకుడు లేదవ్వా. ఈసారి తలకాయ చెక్కాలె."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇల్లు పోయాక ఆమె నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వులో పెనం మీద రొట్టె మాడిపోయింది. అదే తుంపుకుని ముగ్గురం తిన్నాం.